దిండులో తెల్ల ఈక

ఆరో వార్డు, కిటికీ పక్క మంచం
మంగళవారం

చిరంజీవి తమ్ముడికి, అక్క ఇనప మంచం మీద కూర్చుని ఆశీర్వదించి రాసేది.

క్షేమంగా చేరాను. బస్సులో పక్కనావిడ దారి పొడుగునా తన కీళ్ళ గురించే చెప్పింది, నా మోకాళ్ళ గురించి చెప్పుకునే సందు ఇవ్వలేదు. ఇక్కడ మోకాలి వైద్యానికి నలభై రోజులు పడుతుందట. చూడ్డానికి ఎవర్నీ రానివ్వరు. నువ్వు బయలుదేరి వచ్చి గేటు దగ్గర కాపలావాడితో గొడవ పెట్టుకోకు. ఫోను కూడా వార్డులోకి తేనివ్వరు. దుప్పట్లు కుట్టించడానికి నీ షాపుకి వచ్చే ఆసుపత్రి వాను ఉందిగా, ఆ డ్రైవరు చేతికి ఉత్తరం ఇస్తే మర్నాటికి నాకు అందుతుంది.

ఇక అసలు సంగతి, నా నాలుగు కోళ్ళు. నువ్వు నా ఇంటికొచ్చి ఐదు నెలలే అయింది. పొద్దున్నే షాపుకి పోయి దీపాల వేళకి వస్తావు కాబట్టి అవి నీకు కొత్త, నువ్వు వాటికి కొత్త. జడ్జిగారు గోడెక్కి కూర్చుని తీర్పు చెప్పబోతున్నట్టు చూస్తుంది, పట్టించుకోకు. మసిగుడ్డ నల్లగా, బద్ధకంగా ఉంటుంది. తోకచుక్క ఒళ్ళంతా ఎరుపు, తోక ఒక్కటే తెలుపు, ఆ తెల్ల ఈకల చివర నల్ల చుక్క. చిన్నది పేరుకే చిన్నది. పొద్దున గింజలు, మధ్యాహ్నం ఆకుకూర కాడలు, సాయంత్రం గూటికి గడియ. అంతే పని.

ఈ చలి నెలలో వాటిలో ఏ వింత కనిపించినా ఆ రోజే రాయి. ఏదీ దాచకు. నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ అక్క

తా.క. దువ్వెన మరిచిపోయాను. అద్దం దగ్గరుంటుంది, పంపు. నర్సు తన బుల్లి దువ్వెన ఇచ్చింది కానీ అది నా జడలో రెండు పళ్ళు వదిలేసి బయటికొచ్చింది.

ఇంకో తా.క. ఇక్కడ దిండు పేరు చెప్పి ఇటుక ఇచ్చారు.


టైలరు షాపు నుంచి
శుక్రవారం

అక్కకు, తమ్ముడు కత్తెర పక్కన పెట్టి నమస్కరించి రాసేది.

నేను క్షేమం. కోళ్ళు క్షేమం. అందరం చాలా క్షేమం. నీ ఉత్తరంతో పాటు ఆసుపత్రి వాళ్ళ అచ్చు కాగితం ఒకటి వచ్చింది. "రోగులకు సంతోషకరమైన సంగతులు మాత్రమే వ్రాయవలెను. ఆందోళన కలిగించు వార్తల వలన రక్తపోటు పెరుగును" అని లావు అక్షరాల్లో ఉంది. దాన్ని కుట్టుమిషను పైన గోడకి అతికించాను. దాన్ని చూస్తూనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోళ్ళు నిగనిగలాడుతున్నాయి. ఒక్క ఈక కూడా రాలలేదు. అసలు ఎందుకు రాలుతుంది, రాలాల్సిన అవసరం ఏముంది? రోజూ నాలుగు గుడ్లు పెడుతున్నాయి, మొన్న ఐదు పెట్టాయి. పెరడు రోజుకి మూడుసార్లు ఊడుస్తున్నాను, ఊరికే, శుభ్రత కోసం. నిన్న ఒక్కరోజే రెండు బుట్టలు ఎత్తి (ఈ వాక్యం కొట్టేశాను, చదవకు).

షాపుకి ఒకాయన పాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడు. ఆయనకీ కోళ్ళున్నాయట. కోడి వీపు మీద చర్మం కనబడుతుంటే అది ఏ రంగులో ఉండాలి అని అడిగాడు. నాకేం తెలుసన్నాను. నీకు తెలిస్తే కాస్త త్వరగా రాయి. ఆయన తిండి మానేశాడు పాపం. సూదిలో దారం కూడా ఎక్కించుకోలేకపోతున్నాడు.

ఇట్లు,
నీ విధేయుడైన తమ్ముడు

తా.క. నాలుగు కోళ్ళు ఐదు గుడ్లు ఎలా పెట్టాయని అడుగుతావేమో. ఉత్సాహంలో పెట్టాయి.


ఆరో వార్డు
బుధవారం

తమ్ముడికి, అక్క కళ్ళజోడు తుడుచుకుని నీ ఉత్తరం మూడోసారి చదివి రాసేది.

ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దినదాన్ని. ఏ పుస్తకం తన చోట లేదో గుమ్మంలోంచే చెప్పేదాన్ని. నీ ఉత్తరంలో ఏదో తన చోట లేదు.

ఈ చలిలో రోజూ నాలుగు గుడ్లా? ఒక్క ఈక కూడా రాలలేదా? నాకు తెలిసి అలాంటి కోళ్ళు నా పెరట్లో లేవు. వింత ఉంటే రాయమన్నాను, ఏ వింతా లేదని రాశావు. అది చదివిన దగ్గర్నుంచీ నా గుండె దడదడలాడుతోంది. పక్కింటి కాంపౌండరు గోడ మీద నుంచి తొంగి చూస్తున్నాడా? ఆ మనిషికి కోడి కనబడితే కూర కనబడినట్టే. వీధి చివర కుక్క కూడా ఒకటుంది. గూటికి గడియ వేస్తున్నావా?

తోకచుక్క తోక ఎలా ఉందో విడిగా రాయి. జడ్జిగారి మెడ ఎలా ఉందో రాయి. నీళ్ళు నమలకుండా రాయి.

ఇట్లు,
నీ అక్క

తా.క. ఆ పాంటాయన కోళ్ళ చర్మం గులాబీ రంగులో ఉంటే భయం లేదు. నీలంగా ఉంటే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తమను. ఊళ్ళోవాళ్ళ కోళ్ళ గొడవ మనకెందుకు, నా కోళ్ళ సంగతి రాయి.

ఇంకో తా.క. దువ్వెన తొందరేం లేదు. జడ వేసుకోవడం మానేశాను, బద్ధకం.


టైలరు షాపు
సోమవారం

అక్కకు, తమ్ముడు నమస్కరించి ధైర్యంగా రాసేది.

గులాబీ రంగే. పాంటాయనకి చెప్పాను. గోడకి ఆనుకుని కూర్చుండిపోయి కాసేపు ఏడ్చాడు, సంతోషంతో. నీకు దణ్ణాలు చెప్పమన్నాడు.

తోకచుక్క తోక అద్భుతంగా ఉంది. మునుపటికన్నా జానెడు పెరిగింది. గాలికి విసనకర్రలా ఊగుతోంది. జడ్జిగారి మెడ నిండా ఈకలే, లోపల మెడ ఉందో లేదో కూడా తెలీడం లేదు. ఇంతకన్నా వివరంగా రాయమంటే కవిని కాను, టైలర్ని. నీకు అనుమానం తీరాలని రుజువులు పంపుతున్నాను. వాను డ్రైవరు చేతికి ఒక డజను గుడ్లు ఇచ్చాను, పొద్దున్నే మన కోళ్ళు పెట్టినవి. అద్దం దగ్గరి దువ్వెన కూడా ఉంది. మీ ఇటుక సంగతి చదివి ఒక దిండు కుట్టాను. మెత్తగా ఉంటుంది. లోపల ఏముందని అడక్కు, దిండులో ఉండేదే ఉంది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. పాంటాయన మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు వాటి వీపుల మీద ముళ్ళు మొలుస్తున్నాయట. కోడికి ముళ్ళు మొలవడం ఎప్పుడైనా విన్నావా? గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే అంటున్నాడు.


ఆరో వార్డు
గురువారం

తమ్ముడా,

ఈసారి ఆశీర్వాదం రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు పంపిన గుడ్లు తెల్లగా ఉన్నాయి. నా నాలుగు కోళ్ళూ పుట్టి బుద్ధెరిగాక గోధుమరంగు గుడ్డు తప్ప ఇంకో రంగు పెట్టలేదు. ఐదు నెలలుగా ఆ గుడ్లే తింటూ రంగు చూసుకోలేదా నువ్వు?

అది సరే అనుకున్నాను. దిండు వేసుకుని పడుకున్నాను. నిజంగానే మెత్తగా ఉంది, రెండు వారాల తర్వాత కాస్త కన్ను అంటుకుంది. ఇంతలో చెంపకి ఏదో గుచ్చుకుంది. పట్టుకుని లాగాను. తెల్ల ఈక వచ్చింది, చివర నల్ల చుక్క. నర్సు దగ్గర కత్తెర తీసుకుని కుట్టు విప్పాను. మసిగుడ్డ నలుపు ఉంది, జడ్జిగారి మెడ కింది బూడిదరంగు ఉంది, చిన్నదాని పసుపు ఉంది. నా నాలుగు పిల్లలూ ఆ సంచిలో ఉన్నాయి.

ఎవరు తిన్నారు? కుక్కా, కాంపౌండరా, లేక నువ్వేనా? చచ్చినవాటి బదులు ఎక్కడి నుంచో నాలుగు పడుచు కోళ్ళు తెచ్చి పెరట్లో తిప్పుతూ, వాటి తోక జానెడు పెరిగిందని నాకు రాశావు. పైగా నా కోళ్ళ ఈకలు నా తల కిందే పెట్టావు. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే అమ్మ కన్నా ముందు లేచిన దాన్ని నేను. నన్నే మోసం చేస్తావనుకోలేదు.

నాకు భయంగా ఉంది. ఇక్కడికి వచ్చాక ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. సోమవారం వైద్యానికి కూర్చోనని డాక్టరుకి చెప్పేశాను. ఇప్పుడు మానేస్తే ఇక తన చేతిలో ఏమీ ఉండదన్నాడు. ఉండకపోతే పోనీ అన్నాను. శనివారం బస్సుకి వస్తున్నాను. వచ్చి ఖాళీ గూడు నా కళ్ళతో చూసుకుంటాను.

అక్క

తా.క. దువ్వెన వెనక్కి పంపుతున్నాను. నాకు అక్కర్లేదు.

ఇంకో తా.క. మంచం నిండా ఈకలు, మధ్యలో నేను. నర్సు వచ్చి చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది.


ఇంటి నుంచి (షాపు మూసేశాను)
గురువారం సాయంత్రం

అక్కా, నీ కాళ్ళకి మొక్కి రాసేది.

బస్సెక్కకు. ఈ ఉత్తరం మొత్తం చదివి, అప్పటికీ ఎక్కాలనిపిస్తే నన్ను తిట్టు, కానీ ఎక్కకు. అచ్చు కాగితం గోడ మీద నుంచి పీకేశాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన మూడో రోజు గూడు తలుపు తీస్తే నేలంతా ఈకలే. పిల్లి వచ్చిందనుకున్నాను. లెక్క పెడితే నాలుగూ ఉన్నాయి, నెత్తురు చుక్క లేదు. మర్నాటికి జడ్జిగారి మెడ బోడి అయిపోయింది. ఆ మెడ వేసుకుని గోడెక్కి నన్నే చూస్తుంది, చేసిందంతా నేనే అన్నట్టు. ఆ తర్వాత రోజు తోకచుక్కని గూట్లో పెడదామని వెనక నుంచి పట్టుకున్నాను. కోడి పారిపోయింది, తోక నా చేతిలో ఉండిపోయింది. అక్కా, ఆ తోక పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

కాంపౌండరు గోడ మీద నుంచి చూసి, ఇది అంటురోగమే, మనుషులకీ రావచ్చు అన్నాడు. అప్పట్నుంచీ పొద్దున్నే నా దువ్వెన చూసుకుంటున్నాను. మొన్న మూడు వెంట్రుకలు వచ్చాయి. నాకు ఉన్నవే పట్టుమని పదకొండు.

పాంటాయన ఎవరూ లేడు. అది నేనే. గుడ్లు రెండు వారాలుగా ఒక్కటీ లేవు. నీకు పంపినవి అంగడివి. గుడ్డుకి రంగు కూడా ఉంటుందని నాకు తట్టలేదు, నేను చూసేది గుడ్డ రంగే.

చలికి నాలుగూ వణుకుతుంటే చూడలేక కోట్లు కుట్టాను. ఒక పెద్దాయన కోటుకి తెప్పించిన లోపలి గుడ్డ మిగిలింది, మంచి మెత్తటిది. కొలతలు తీసుకుంటే చిన్నదానికి ఛాతీ పదమూడున్నర, మసిగుడ్డకి పదహారు. జడ్జిగారికి కాలరు కూడా పెట్టాను, హోదాకి తగ్గట్టు. తొడిగితే నాలుగూ వెనక్కి నడవడం మొదలెట్టాయి. వెనక్కి నడిచి నడిచి గోడకి తగిలి, అక్కడే కూర్చుంటున్నాయి. నాలుగు రోజుల నుంచి కోటు కింద ముళ్ళు తగులుతున్నాయి. నేను ముట్టుకుంటే అరుస్తున్నాయి. ఇవి పోయే ముందు లక్షణాలనుకుంటున్నాను.

దిండు సంగతి. ఆ ఈకలు చెత్తకుండీలో వేయడానికి నాకు మనసు రాలేదు. నీ కోళ్ళు ఎలాగూ దక్కవు, కనీసం వాటివేవో కొన్ని నీ దగ్గరుంటే బాగుండునని కడిగి, ఎండబెట్టి, కుట్టాను. ఏడుస్తూనే కుట్టాను, అందుకే ఒక మూల కుట్టు తిన్నగా రాలేదు. వేరే కోళ్ళు నేనేమీ తేలేదు. ఆ నాలుగే ఉన్నాయి, బతికే ఉన్నాయి, ఈ సాయంత్రానికి. రేపటి సంగతి నాకు తెలీదు.

అక్కా, వాటిని కాపాడలేకపోయాను. కొట్టు, ఇంట్లోంచి పొమ్మను, పోతాను. కానీ కోళ్ళ కోసం కాలు పోగొట్టుకోకు. సోమవారం ఆ వైద్యానికి కూర్చో. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. జడ్జిగారు కోటు బొత్తాం పొడిచి మింగేసింది. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

ఇంకో తా.క. దువ్వెన అందింది. కోపంతోనే పంపావని అర్థమైంది. అద్దం దగ్గరే పెట్టాను.


ఆరో వార్డు, కిటికీ పక్క మంచం
శుక్రవారం

చిరంజీవి తమ్ముడికి, అక్క మనసారా ఆశీర్వదించి, నవ్వి నవ్వి పక్కలు పట్టుకుని రాసేది.

బస్సెక్కడం లేదు. నీ ఉత్తరం పొద్దున వచ్చింది. తోక నీ చేతిలో ఉండిపోయిన దగ్గర నేను నవ్విన నవ్వుకి నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ పోయి పక్క వార్డులో చెప్పింది.

ముందు వెళ్ళి ఆ కోట్లు విప్పేయ్. అవి ముళ్ళు కావురా, కొత్త ఈకల మొలకలు. వాటిని ముట్టుకుంటే కోడికి నొప్పి, నువ్వేమో కోటు వేసి బొత్తాం పెట్టావు. వయసొచ్చిన కోళ్ళు చలి మొదలయ్యే వేళకి ఏటా ఈకలు రాల్చుకుంటాయి. అన్నాళ్ళూ గుడ్లు పెట్టవు. మళ్ళీ ఒళ్ళంతా కొత్తవి వస్తాయి, ముందుకన్నా నిగనిగలాడుతూ. వాటికి నువ్వు చేయాల్సిందల్లా కాస్త చేప ముక్కలు, పొద్దుతిరుగుడు గింజలు పెట్టి, వాటి మానాన వాటిని వదిలేయడం. బొత్తాం దాని దారిన అది వస్తుంది, కోళ్ళు రాళ్ళే అరిగించుకుంటాయి. కాంపౌండరుతో చెప్పు, అంటురోగం ఆయన నోటికే ఉందని.

ఇదంతా వచ్చేటప్పుడే చెప్పొచ్చు కదా అంటావు. కావాలనే చెప్పలేదు. ఈకలు రాలగానే నువ్వు బెంబేలెత్తి నాకో ఉత్తరం రాస్తావని, ఈ మంచం మీద పడుకుని అది చదివి నవ్వుకుందామని నా ఆశ. ఇక్కడికి నేను తెచ్చుకున్న సరదా అదొక్కటే. నువ్వు చూస్తే ఒక్క ఈకా రాలలేదని రాశావు. రాలని కోళ్ళు నావి కావు కాబట్టి, నావి చచ్చిపోయాయనుకున్నాను. నువ్వు ధైర్యం చెప్పిన కొద్దీ నా గుండె జారిపోయింది. నా కోళ్ళు బోడిగా ఉన్నాయన్న మాట చదివాక గానీ నాకు ప్రాణం లేచిరాలేదు.

ఇక నా వంతు. నువ్వు నిజం రాశాక నేను దాచడం మర్యాద కాదు.

నా మోకాళ్ళు రాళ్ళలా గట్టిగా ఉన్నాయి, వాటికే జబ్బూ లేదు. నాకు వచ్చింది గడ్డ. ఎక్కడని అడక్కు, తమ్ముడికి చెప్పే చోటు కాదు. చెడ్డ గడ్డే అన్నారు. మూడు వారాలకోసారి సోమవారం నాడు కుర్చీలో కూర్చోబెట్టి సూదితో మందు ఎక్కిస్తారు. వచ్చిన మర్నాడే ఒకసారి అయింది. ఇంకో ఐదున్నాయి, కాబట్టి నలభై రోజులన్నదీ అబద్ధమే. నీకు చెబితే షాపు మూసి గేటు దగ్గర కూర్చుంటావని భయపడ్డాను. అంతకన్నా, నీ మొహంలో నా జబ్బు కనబడుతుందని భయపడ్డాను.

ఆ మందుకి జుట్టు రాలుతుందని ముందే చెప్పారు. చెప్పినా సరే, నీ రెండో ఉత్తరం వచ్చిన నాటికి నా జడ మొదలంటా ఊడి చేతిలోకి వచ్చింది. తోకచుక్క తోక పట్టుకుని నువ్వు నిలబడ్డట్టే నేనూ నిలబడ్డాను. దువ్వెన కోపంతో పంపలేదురా, దువ్వడానికి ఏమీ లేక పంపాను. కోళ్ళు కూడా లేని ఇంటికి బాగై వెళ్ళి ఏం చేస్తానని, ఆ రెండు రోజులూ నిజంగానే అనుకున్నాను.

ఇప్పుడు సోమవారానికి కూర్చుంటానని డాక్టరుకి చెప్పాను. భయం పోలేదు, కానీ కూర్చుంటాను. మందులు అయ్యాక జుట్టు మళ్ళీ వస్తుందట. కోళ్ళకి వస్తున్నాయని నువ్వు రాశావుగా, నాకూ నమ్మకం కుదిరింది.

ఇట్లు,
నీ అక్క

తా.క. విప్పిన కోట్ల గుడ్డతో నాకో టోపీ కుట్టు. తల చుట్టుకొలత ఇరవై ఒకటిన్నర. కాలరు వద్దు, బొత్తాం అసలే వద్దు.

ఇంకో తా.క. ఈకలన్నీ ఏరి దిండు మళ్ళీ నేనే కుట్టుకున్నాను. దాని మీదే పడుకుంటున్నాను. కుట్టు నీదాని కన్నా వంకరగా వచ్చింది. చూడ్డానికి ఎవర్నీ రానివ్వరన్నది కూడా అబద్ధమే, ఆదివారం సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి దాకా రానిస్తారు. వచ్చి ఆ మూల సరిచేసి పో. నన్ను చూసి గుమ్మంలో ఆగిపోకు, నాలుగు కోళ్ళని చూసి అలవాటు పడ్డావుగా.